ఎక్స్‌కామ్ 2: 95% చూపించి మిస్ అవడం ఏంట్రా బాబూ

గోదారి_గేమర్
అందరికీ నమస్తే. మొన్న సేల్‌లో ఎక్స్‌కామ్ 2 కొన్నా, దాని ఎక్స్‌పాన్షన్ వార్ ఆఫ్ ద చోజెన్ కూడా కలిపి చాలా తక్కువకే వచ్చింది. ఫ్రెండ్సేమో ముందు మామూలు ఆట ఆడు, అది తర్వాత పెట్టుకో అన్నారు, అందుకే ఉత్త ఎక్స్‌కామ్ 2 నే వెటరన్ (రెండో కష్టం లెవెల్) మీద ఆడుతున్నా. ఆట బానే ఉంది, ఒక టర్న్ మనది ఒక టర్న్ వాళ్ళది, గ్రహాంతరాల వాళ్ళు భూమిని గెలిచేసి ఇరవై ఏళ్ళయ్యాక మనం దొంగచాటుగా తిరగబడటం, ఎగిరే ఓడలో బేస్ పెట్టుకుని దేశాలు తిరగటం, ఆ సెటప్ అంతా నచ్చింది. కానీ షాట్ తగిలే అవకాశం ఇంత అని చూపించే ఈ పర్సెంటేజీల గోల ఏంటో నాకర్థం కావట్లేదు. రేంజర్‌ని (దగ్గర్నించి కొట్టే సిపాయి) సెక్టాయిడ్ అనే గ్రహాంతరవాసి పక్కన నిలబెట్టా, పక్కన అంటే షాట్‌గన్ గొట్టం వాడి బుగ్గకి ఆనేంత పక్కన. 95% అని చూపించింది. ట్రిగ్గర్ నొక్కితే మావాడు వాడి భుజం మీదుగా వెనకున్న కిటికీ అద్దం పగలగొట్టాడు. తర్వాత ఆ సెక్టాయిడ్‌గాడు మా స్పెషలిస్ట్ బుర్రలోకి దూరాడు, ఆ పిల్ల తిరిగి మా గ్రెనేడియర్‌నే కాల్చి చంపేసింది. మిషన్ పోయింది. ఇది చీటింగ్ కాదా? లోపల వేరే లెక్క ఏదో నడుస్తోందని నా అనుమానం. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తా.

నైజాం_నైట్
వచ్చినవా తమ్మీ, రా కూసో. 95 మిస్ అయినంక గానీ నువ్వు ఎక్స్‌కామ్ ఆడినట్టు కాదు, ఇగ నువ్వు మనోడివే 😂 అన్‌ఇన్‌స్టాల్ చేస్తవ్, మళ్ళ రాత్రి పదకొండింటికి నువ్వే ఎక్కిస్తవ్, మేమందరం గదే చేసినం.

లెక్కల_మాస్టారు
చీటింగ్ అన్నారు కాబట్టి ఒక్క లెక్క చెప్పి వెళ్తాను. 95% అంటే 20కి ఒకటి పోతుంది. ఒక మిషన్‌లో 20 సార్లు 95% షాట్లే కొట్టారనుకోండి, ఇరవైకి ఇరవై తగలాలంటే 0.95ని 20 సార్లు గుణించాలి, సుమారు 0.36 వస్తుంది. అంటే కనీసం ఒక్కటైనా మిస్ అయ్యే అవకాశం 64 శాతం. కాబట్టి 95 మిస్ అవడం వింత కాదు, ఎప్పుడూ మిస్ కాకపోతేనే వింత. తగిలిన పంతొమ్మిదీ మనకి గుర్తుండవు, పోయిన ఆ ఒక్కటీ పేరూ ఊరూతో సహా గుర్తుంటుంది.

గోదారి_గేమర్
మాస్టారూ ఆ లెక్క బానే ఉందండి కానీ నాకు ఒక్కటి కాదు కదా, నిన్న వరసగా మూడు 65లు పోయాయి. దానికేమంటారు?

లెక్కల_మాస్టారు
0.35 × 0.35 × 0.35 = 0.043. వందకి నాలుగు సార్లు అలా జరుగుతుంది. మీరు ఒక క్యాంపెయిన్‌లో ఇలాంటి మూడేసి షాట్లు ఎన్ని సందర్భాల్లో కొడతారో ఆలోచించుకోండి. నా తరగతిలో పిల్లలకి కూడా ఇదే చెప్తాను, వాళ్ళు కూడా మీలాగే నమ్మరు.

పాత_పెంటియం
మీ 95ల బాధ చూస్తే నవ్వొస్తోంది. మేము 1994 నాటి మొదటి ఎక్స్‌కామ్ ఆడినవాళ్ళం, జూలియన్ గోలప్ చేసింది. విమానం ర్యాంప్ దిగే మొదటివాడు దిగీ దిగకముందే పోయేవాడు, అందుకని గురి సరిగ్గాలేని కొత్తవాణ్ణి ముందు పంపేవాళ్ళం పాపం. అందులో ఇప్పట్లా బ్లూ మూవ్ (ఒక యాక్షన్‌తో వెళ్ళే దూరం), ఎల్లో మూవ్ (రెండు యాక్షన్లూ ఖర్చయ్యే దూరం) ఏమీ లేవు, టైమ్ యూనిట్లు. ఒంగోటానికి ఇన్ని, తలుపు దాటటానికి ఇన్ని, తిరగటానికి ఇన్ని అని లెక్కేసుకుని, కాల్చటానికి మిగలకపోతే అక్కడే నిలబడి చావటమే.

దాంట్లో ఒక తమాషా ఉంది, ఇప్పటివాళ్ళకి తెలీదేమో. డాస్ వెర్షన్‌లో ఒక బగ్ ఉండేది, నువ్వు ఎంత కష్టం లెవెల్ పెట్టుకున్నా సరే సేవ్ చేసి మళ్ళీ లోడ్ చేస్తే ఆట చప్పుడు చెయ్యకుండా బిగినర్‌కి దిగిపోయేది. అందరూ సూపర్‌హ్యూమన్ మీద గెలిచామని తొడలు కొట్టుకుంటూ ఆట మరీ తేలిగ్గా ఉందని కంపెనీకి రాశారు, వాళ్ళు దాన్ని నమ్మి 1995లో వచ్చిన రెండో భాగాన్ని, సముద్రం అడుగున జరిగేదాన్ని, ఊపిరాడనంత కష్టంగా చేసి పారేశారు. ఆ కోపం నాకింకా తీరలేదు.

నైజాం_నైట్
పెంటియం తాతా సలాం 🙏 ఆ బగ్ కథ నేను ఎన్నిసార్లు ఇన్నా బోర్ కొట్టదు.

సింధు_టెంప్లర్
చీటింగ్ సంగతి నేను చెప్తా, ఉంది. కానీ మీ వైపే ఉంది 😁 గేమ్ ఫోల్డర్‌లో ఇని ఫైళ్ళు (సెట్టింగులుండేవి) తెరిచి చూడండి, ఎయిమ్ అసిస్ట్ అని ఒక సెక్షన్ కనిపిస్తుంది. రూకీ, వెటరన్‌ల మీద ఆడుతుంటే వరసగా మిస్ అయిన కొద్దీ తర్వాతి షాట్‌కి స్క్రీన్ మీద చూపించేదానికన్నా లోపల కాస్త ఎక్కువ ఇస్తుంది, శత్రువులు వరసగా మనవాళ్ళని కొడుతుంటే వాళ్ళకి కాస్త కోస్తుంది, స్క్వాడ్‌లో మనుషులు పోతుంటే ఇంకాస్త జాలి చూపిస్తుంది. అన్నిటికన్నా కష్టమైన లెజెండ్‌లో మాత్రం ఈ జాలి ఏమీ లేదు. అసలు మజా ఏంటంటే ఆ సాయం 95 దగ్గర ఆగిపోతుంది, అంతకు మించి పెంచదు. అంటే గోదారి గారూ, మీకు 65 అని చూపించింది చాలాసార్లు నిజంగా 65 కన్నా ఎక్కువే. 95 మాత్రం అచ్చంగా 95.

గోదారి_గేమర్
ఆట నాకు సాయం చేస్తుంటే కూడా ఓడిపోతున్నానంటారా. ఇది ఓదార్పో వెటకారమో అర్థం కావట్లేదండి సింధు గారూ 😐

గ్రాఫిక్‌కార్డ్_బాబి
(ఈ పోస్ట్ తీసేశాం. అమ్మకాల ప్రకటనలకి వేరే విభాగం ఉంది, అక్కడ పెట్టుకోండి. - నిర్వాహకులు)

సీమ_స్నైపర్
ఏమప్పా అందరూ పర్సెంటేజీల మీదే పడినారు, ఆ పిల్లోడు అడగాల్సింది ఇంకోటి ఉండాది. ఆ 95 తగిలింటే ఏమయ్యేదని ఒక్కరూ అడగల్యా. సెక్టాయిడ్‌కి 8 హెల్త్. మొదట్లో ఇచ్చే షాట్‌గన్‌కి 4 నుంచి 6 డామేజీ. క్రిట్ (మామూలుకన్నా గట్టి దెబ్బ) పడితే తప్ప తగిలినా వాడు చావడు. చావకపోతే ఏం చేస్తాడు, వాడి టర్న్ రాంగానే మీ స్పెషలిస్ట్ బుర్రలోకే దూరతాడు. అంటే మిస్ అయినా అదే కథ, తగిలినా శానామటుకు అదే కథ. మిషన్ పోయింది 95 వల్ల కాదు సామీ.

ఆ టర్న్‌లో ఎవురు యాడ ఉన్నారో, ఎవుర్ని ముందు కదిలించినావో వరసగా రాయి. అప్పుడు మాట్లాడదాం.

నైజాం_నైట్
👆 గిది పాయింట్.

గోదారి_గేమర్
సరే రాస్తున్నా. నా నలుగురూ రేంజర్, గ్రెనేడియర్, షార్ప్‌షూటర్, స్పెషలిస్ట్. టైమర్ ఇంకా 3 టర్నులు ఉంది, టెర్మినల్ హ్యాక్ చెయ్యాలి. ఎదురుగా రోడ్డు మీద కారు, కారు వెనక అడ్వెంట్ (గ్రహాంతరాల వాళ్ళ సైన్యం) ఆఫీసర్. ఎడమ పక్క కేఫ్, దాని గోడ వెనక ఫుల్ కవర్‌లో సెక్టాయిడ్. మా షార్ప్‌షూటర్ మేడ పైన ఉన్నాడు, అక్కడి నించి కారు కనిపిస్తుంది, గోడ వెనక ఉన్నవాడు కొంచెమే కనిపిస్తున్నాడు.
ముందు రేంజర్‌ని పరిగెత్తించి సెక్టాయిడ్ వెనక్కి తీసుకెళ్ళా, కాల్పించా, మిస్. సెక్టాయిడ్ సరిగ్గా కనపడటానికి షార్ప్‌షూటర్‌ని మేడ మీద రెండు గళ్ళు జరిపా, జరిపాక చూస్తే వాడి రైఫిల్ పనిచెయ్యదంట, ఉత్త పిస్తోలే. గ్రెనేడియర్‌తో ఆఫీసర్‌ని కాల్చా, 43%, మిస్. స్పెషలిస్ట్‌ని ఓవర్‌వాచ్ (శత్రువు కదిలితే కాల్చటం) పెట్టా. గ్రెనేడ్ తర్వాత ఎక్కడైనా పనికొస్తుందని దాచా.

సీమ_స్నైపర్
దొరికినావ్ 😄

గ్రెనేడ్ దాచుకోనీకి అదేమన్నా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిటా. వడ్డీ రాదప్పా. మిషన్ అయిపోతే వాడకుండా మిగిలిన గ్రెనేడ్‌కి ఎవురూ మెడల్ ఇయ్యరు, మళ్ళా మిషన్‌కి కొత్తది ఎట్లాగూ వస్తాది.

ఇప్పుడు అదే టర్న్ నేను ఆడతా చూడు. ముందు గ్రెనేడియర్. కేఫ్ గోడ మీదికి గ్రెనేడ్. గ్రెనేడ్‌కి పర్సెంటేజీ లేదు, పడిందంటే పడినట్టే. గోడ పోయింది, సెక్టాయిడ్‌కి ఒక మూడన్నా పోయినాయి, ముఖ్యంగా వాడి ఫుల్ కవర్ పోయింది. ఫుల్ కవర్ అంటే మన గురిలోంచి 40 కోత, సగం కవర్ అయితే 20 కోత. ఆ 40 ఒక్క దెబ్బకి మనకి తిరిగొచ్చింది.

రెండోది రేంజర్, కానీ తుపాకీ కాదు, కత్తి. కత్తికి కవర్‌తో పని లేదు, పైగా సెక్టాయిడ్‌కి కత్తి దెబ్బ మామూలుకన్నా గట్టిగా తగుల్తాది, వాణ్ణి అట్లానే చేసినారు. గ్రెనేడ్ తిన్న సెక్టాయిడ్‌కి కత్తి తగిలితే పని అయిపోయినట్టే. ఒకవేళ కత్తి కూడా తప్పిందనుకో, అప్పటికి షార్ప్‌షూటర్ ఇంకా మిగిలే ఉన్నాడు, జరక్కుండా మేడ మీదనే ఉన్నాడు, గోడ లేదు, ఎత్తుకి 20 ఎక్కువ. అది తప్పితే స్పెషలిస్ట్ ఉండాది. కత్తి తగిలిందనుకో, షార్ప్‌షూటర్ కారు వెనకోడి మీద చూసుకుంటాడు. అంటే ప్రతి మెట్టుకీ కింద ఇంకో మెట్టు ఉంటాది. నువ్వేమో పై మెట్టు నుంచి దూకి, కింద ఏమీ లేకుండా చేసుకున్నావ్.

సింధు_టెంప్లర్
సీమ గారు చెప్పింది కరెక్టే కానీ ఒక్క కొసరు. కారు వెనక ఆఫీసర్ ఉన్నాడన్నారు కదా, కార్లు ఈ ఆటలో కవర్ కాదు, బాంబు. తూటాలో గ్రెనేడో తగిలి కారు అంటుకుందంటే తర్వాత పేలుతుంది, పక్కనెవరున్నా ఎగిరిపోతారు. మీరు మీవాళ్ళని మాత్రం మండే కారు పక్కన ఎప్పుడూ ఆపొద్దు. కొత్తవాళ్ళందరూ కవర్ గుర్తు నిండుగా కనిపించగానే వెళ్ళి అక్కడే కూర్చుంటారు.

ఇంకోటి, ఫ్లాష్‌బ్యాంగ్ ఒకటి ఎప్పుడూ ఎవరో ఒకరి జేబులో ఉంచండి. డామేజీ లేదు కదా అని అందరూ చిన్నచూపు చూస్తారు. సెక్టాయిడ్ మీద వేస్తే వాడి మైండ్ వేషాలన్నీ బంద్, మనవాళ్ళని పట్టుకుని ఉంటే వదిలేస్తాడు కూడా. మీ గ్రెనేడియర్ ఇప్పుడు బతికుండేవాడు.

గోదారి_గేమర్
వాడికి మా రూమ్మేట్ పేరు పెట్టానండి. వాడికి ఫోన్ చేసి చెప్తే "నీ చేతిలో పడ్డాక ఇంకేం బతుకుతాన్లే" అన్నాడు.

సింధు_టెంప్లర్
అయ్యో 😂 నేను క్యారెక్టర్ పూల్‌లో (మనమే సిపాయిల్ని తయారుచేసుకునే చోటు) మా ఇంటిల్లిపాదినీ దింపేశా. మా ఆయన స్పెషలిస్ట్, మా మరిది గ్రెనేడియర్, మా అత్తయ్య రేంజర్, ముఖం కూడా వీలైనంత ఆవిడలాగే, కళ్ళజోడుతో సహా. వార్ ఆఫ్ ద చోజెన్‌లో ఇద్దరు కలిసి తిరిగితే బాండ్ పడుతుంది కదా, ఆట దానంతటదే మా అత్తయ్యనీ నా పేరుతో ఉన్న టెంప్లర్ అనే రకం సిపాయినీ జతకి చూపించింది, నేను సరే అన్నానంతే. ఆ జత నేను వెతకలేదు ఒట్టు. చివరి మిషన్ దాకా ఇద్దరం బతికాం, మా ఆయన మాత్రం పాములాంటి వైపర్ నాలుక చాపి లాక్కుంటే అక్కడే పోయాడు. స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే అత్తయ్య ఒక దండం బొమ్మ పెట్టారు, అది ఎవరికో నాకిప్పటికీ తెలీదు.

నైజాం_నైట్
అక్కా ఈ ముచ్చటకి వేరే థ్రెడ్ పెట్టు 🤣🤣

తమ్మీ ఇంకో సంగతి ఇను, ఎవ్వరూ చెప్పలే. పాడ్స్. శత్రువులు మ్యాప్ మీద ముగ్గురు ముగ్గురు గుంపులుగ తిరుగుతుంటరు. నువ్వు కనపడే దాంక వాళ్ళు నిన్ను పట్టించుకోరు. కనపడ్డరంటే వాళ్ళకి ఫ్రీగ ఒక కదలిక, ఉరికి కవర్‌ల దాక్కుంటరు. నీ రేంజర్‌ని టర్న్‌ల మొదలే అంత ముంగటికి ఉరికించినవ్ కదా, ఆడ ఇంకో పాడ్ ఉంటే ఏమైతుండె? ఒక్కని మీదికి ఆరుగురు. నేనైతే కొత్త జాగలు చూసుడు టర్న్ మొదట్లనే చేస్త, అదిగూడ అందరికీ రెండేసి యాక్షన్లు ఉన్నప్పుడు, బ్లూ మూవ్ అంత దూరమే. కొట్లాట మొదలైనంక మాత్రం ఇంతకుముందు చూడని గడిల కాలు పెట్టను, ఎంత మంచి ఫ్లాంక్ (పక్కకెల్లి కొట్టే జాగ) కనపడ్డా పెట్టను. ఆఖరి సిపాయితోని ముంగటికి ఉరుకుడు అంటే, పాడ్ లేచిందంటే చేసేటందుకు ఎవ్వడు మిగలడు. ఈ ఒక్క అలవాటుతోనే నేను వెటరన్ నుంచి కమాండర్‌కి ఎక్కిన.

బెంగళూరు_బ్యాచిలర్
అందరూ ఇన్ని చెప్తున్నారు కానీ నేను సింపుల్‌గా ఎఫ్5 (సేవ్) ఎఫ్9 (లోడ్) బ్యాచ్. మిస్ అయితే లోడ్ చేస్తా. ఆఫీసులో రోజంతా తిట్లు తిని వచ్చి ఇంట్లో సెక్టాయిడ్‌తో కూడా తిట్టించుకోవాలా.

గోదారి_గేమర్
నేనూ ట్రై చేశా బ్రో, లోడ్ చేసి మళ్ళీ అదే షాట్ కొడితే మళ్ళీ అదే మిస్! అందుకే చీటింగ్ అన్నా.

లెక్కల_మాస్టారు
అది సీడ్ వల్ల. పాచికలు ముందే వేసి సేవ్‌లో దాచిపెట్టినట్టు అన్నమాట. అదే మనిషితో అదే వరసలో అదే పని చేస్తే అదే ఫలితం. వరస మార్చి ముందు ఇంకొకరితో కాల్పిస్తే ఆ అంకె వేరేవాళ్ళకి పోతుంది. దీని ముందు భాగం, 2012 నాటి ఎనిమీ అన్‌నోన్‌లో అయితే సెకండ్ వేవ్ ఆప్షన్లలో దీనికి ఒక మీట కూడా పెట్టారు, అది నొక్కుకుంటే లోడ్ చేసిన ప్రతిసారీ కొత్త అంకెలు. పేరు కూడా దాచలేదు, సేవ్ స్కమ్ అనే పెట్టారు.

సీమ_స్నైపర్
లోడ్ చేసి ఆడే దానికి ఆట ఎందుకప్పా, యూట్యూబ్‌లో చూసుకోవచ్చు కదా. ఐరన్‌మ్యాన్ పెట్టుకో. ఒకటే సేవ్, పోయినోడు పోయినట్టే. అప్పుడే ప్రతి మూవ్‌కీ చెమట పడతాది.

బెంగళూరు_బ్యాచిలర్
చెమట పట్టడానికి జిమ్ ఉందిగా అన్నా. నాకు వారానికి దొరికేది ఆదివారం మధ్యాహ్నం మాత్రమే, అది ఒక బగ్ వల్ల మనవాడు గోడలో ఇరుక్కుపోయి క్యాంపెయిన్ మొత్తం పోతే నువ్విస్తావా నా ఆదివారం? ఐరన్‌మ్యాన్‌లో ఆట హ్యాంగ్ అయితే దిక్కెవరు.

పాత_పెంటియం
ఇక్కడ మాత్రం నేను కుర్రాడి వైపే. మేమూ సేవ్ చేసుకునే ఆడాం, అప్పట్లో కరెంటు పోయేది కాబట్టి దానికో గౌరవమైన కారణం కూడా ఉండేది. మనవాడు పోతే బాధపడి ముందుకెళ్ళటం బావుంటుంది, కాదనను, కానీ అది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సింది. ఒకళ్ళ సేవ్ ఫైలు మీద ఇంకొకళ్ళకి పెత్తనం ఏంటి.

సీమ_స్నైపర్
సరే పెద్దాయన చెప్పినాక ఇంకేముంది. కానీ మైండ్ కంట్రోల్‌లో పడిన సొంత మనిషిని కాల్చాలా వద్దా అని పది నిమిషాలు స్క్రీన్ చూస్తా కూర్చుండేది ఐరన్‌మ్యాన్‌లోనే ఉంటాది, అంతే చెప్తా.

ఎనిమిది_గళ్ళు
లేటుగా వచ్చా. మీకందరికీ అదృష్టం లేని ఆట కావాలంటే ఇన్‌టు ద బ్రీచ్ ఆడండి, 2018లో వచ్చింది, ఎనిమిదింటికి ఎనిమిది గళ్ళ బోర్డు, మూడు పెద్ద రోబోలు, నేల లోంచి వచ్చే పురుగులు. ప్రతి పురుగూ తర్వాత ఎక్కడ కొట్టబోతోందో ముందే చూపిస్తుంది. మన దెబ్బలన్నీ గ్యారంటీగా తగుల్తాయి. కాబట్టి ఓడిపోతే ఇంకెవర్నీ తిట్టే వీల్లేదు. నాకైతే అదే అసలైన స్ట్రాటజీ, ఎక్స్‌కామ్ పేకాట.

నైజాం_నైట్
గ్రిడ్ డిఫెన్స్ ఏంది మరి అన్నా? బిల్డింగ్‌కి దెబ్బ తగిలినా ఒక్కోసారి లక్కుతోని బచాయిస్తది కదా, దానికి పర్సెంటేజీ గూడ రాసి ఉంటది.

ఎనిమిది_గళ్ళు
అది బోనస్ లే, దాన్ని నమ్ముకుని ఎవరూ ఆడరు.

సింధు_టెంప్లర్
ఎక్స్‌కామ్‌లో 95ని కూడా నమ్ముకుని ఆడకూడదు, అదే కదా పైన అందరం చెప్తున్నది 🙂 నాకు రెండూ ఇష్టమే. కాకపోతే ఇన్‌టు ద బ్రీచ్ అయిపోయాక పజిల్ ఒకటి విప్పినట్టుంటుంది, దాని గురించి ఎవరికీ చెప్పుకోను. ఎక్స్‌కామ్‌లో మా మరిది 18% షాట్‌తో సెక్టోపాడ్ అనే పెద్ద రోబోని పడేసిన సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. ముందే తేలిపోయే ఆటలో అలాంటి కథ పుట్టదు.

ఎనిమిది_గళ్ళు
18% కొట్టటం గురించి గొప్పగా చెప్పుకుంటారు, 95 మిస్ అయితే చీటింగ్ అంటారు. ఈ థ్రెడ్ మొత్తం అదే.

నైజాం_నైట్
గట్టిగనే పడ్డది 😂

డల్లాస్_బుల్లోడు
గోదారి బ్రో, టైమర్ గురించి టెన్షన్ పడుతున్నావు కాబట్టి చెప్తున్నా. గెరిల్లా మిషన్లలో టైమర్ ఉందని మొదట్నించీ పరుగులు పెట్టక్కర్లేదు. మిషన్ మొదట్లో మనవాళ్ళు కన్సీల్‌మెంట్‌లో ఉంటారు, శత్రువులకి కనపడరు. ఎర్ర గళ్ళు (శత్రువులకి కనపడే చోట్లు) తొక్కకుండా దగ్గరికి వెళ్ళి ముగ్గుర్ని ఓవర్‌వాచ్ పెట్టి నాలుగోవాడితో గ్రెనేడ్ విసిరితే మొదటి పాడ్ లేచి పరిగెత్తేలోపే సగం ఖతం. మామూలు ఓవర్‌వాచ్‌కి గురి బాగా తగ్గుతుంది, ఇలా దాక్కుని పెట్టిన దానికి ఆ కోత లేదు. చాలామంది మొదటి షాటే స్నైపర్‌తో కొట్టేసి ఆ ఆంబుష్‌ని వేస్ట్ చేస్తారు. అయినా టైమర్ పడకపోతే వార్ ఆఫ్ ద చోజెన్‌లో టైమ్ టర్నర్ అని ఆప్షన్ ఉంది, టర్నులు పెరుగుతాయి, సిగ్గుపడక్కర్లేదు.

ఇంకా అవతార్ ప్రాజెక్ట్ (శత్రువుల రహస్య పథకం) బార్ చూసి భయపడకు, అది నిండగానే గేమ్ ఓవర్ కాదు, కౌంట్‌డౌన్ మొదలవుతుంది, ఆలోగా వాళ్ళ ఫెసిలిటీ ఒకటి పేల్చేస్తే మళ్ళీ వెనక్కి తగ్గుతుంది. నేను మొదట్లో ఎర్ర చుక్క పడినప్పుడల్లా పరిగెత్తేవాణ్ణి, రీసెర్చ్ మొత్తం వెనకబడిపోయేది. ముందు గెరిల్లా టాక్టిక్స్ స్కూల్ కట్టి ఐదోవాణ్ణి తీసుకెళ్ళే అప్‌గ్రేడ్ కొను. ఐదోవాడంటే టర్న్‌కి ఇంకో రెండు యాక్షన్లు, దాని ముందు ఏ తుపాకీ అయినా దిగదుడుపే.

బెంగళూరు_బ్యాచిలర్
లోడింగ్ టైమ్ గురించి కూడా చెప్పండి ఎవరైనా. 2016లో వచ్చినప్పుడు క్యాప్స్ లాక్ నొక్కితే లోడింగ్ టకటకా అయిపోయేది, గుర్తుందా 😄 మా రూమ్‌లో ఎవరూ నమ్మలేదు, నొక్కి చూపిస్తే చేతబడి అన్నారు.

డల్లాస్_బుల్లోడు
గుర్తుంది. ఎస్ఎస్‌డీలో వేసుకోండి, అంతకన్నా పెద్ద మందు లేదు. ఆండ్రాయిడ్‌లో కూడా 2021లో వచ్చింది, చోజెన్‌తో సహా, ఫోన్ కాస్త గట్టిది కావాలి. ఫ్లైట్‌లో హైదరాబాద్ వచ్చేటప్పుడు నాకు అదే కాలక్షేపం, పక్క సీటాయన దోహా దాకా నా భుజం మీదుగా చూసి "బాబూ, ఆ మూలనున్నవాణ్ణి కదపకు" అని సలహా ఇచ్చారు. కరెక్ట్ సలహానే.

పాత_పెంటియం
మూడో భాగం ఎప్పుడొస్తుందో చూసే యోగం మాకుందో లేదో. 2012 దీ 2016 దీ రెండూ చేసిన జేక్ సోలమన్ 2023లో ఆ ఆటల కంపెనీ ఫిరాక్సిస్ వదిలి వెళ్ళిపోయాడు. 2020లో ఇదే సిరీస్‌లో వచ్చిన చిమేరా స్క్వాడ్ నాకు ఎక్కలేదు, అందులో మనవాళ్ళు చచ్చిపోరు, చచ్చిపోతే మళ్ళీ మిషన్ మొదట్నించి ఆడమంటుంది. పోయేవాడు లేకపోతే భయమేముంది.

సింధు_టెంప్లర్
చిమేరాలో తలుపు బద్దలుకొట్టి లోపలికి దూకే భాగం మాత్రం బావుంటుంది పెంటియం గారూ, ఆ ఒక్కదాని కోసం ఆడొచ్చు.

గోదారి_గేమర్
అప్‌డేట్. అన్‌ఇన్‌స్టాల్ చెయ్యలేదు (నైజాం అన్న నవ్వుకోవచ్చు). నిన్న రాత్రి సీమ అన్న చెప్పిన వరసలో ఆడా, గ్రెనేడ్ ముందు, కత్తి తర్వాత, షార్ప్‌షూటర్‌ని మేడ మీద నించి కదపలేదు. సెక్టాయిడ్లు ఇద్దరు వచ్చారు, ఇద్దరూ వాళ్ళ టర్న్ రాకముందే పోయారు. 88 ఒకటి మిస్ అయింది, కానీ ఈసారి వెనకాల ఇంకొకడున్నాడు కాబట్టి తిట్టుకోకుండానే అయిపోయింది. మాస్టారు లెక్క ఒప్పుకుంటున్నా గానీ ఆ 95 మీద కోపం మాత్రం పోలేదు.

ఇప్పుడు కొత్త గొడవ. స్కల్‌జాక్ అని ఒకటి తయారు చెయ్యమంటే చేశా, అడ్వెంట్ ఆఫీసర్ తలకి గుచ్చమంటే గుచ్చా. గుచ్చగానే గాల్లోంచి బంగారం రంగులో మెరుస్తా ఒక ఆడ మనిషిలాంటిది ఊడిపడింది. షార్ప్‌షూటర్‌తో కాల్చా, తగిలింది, తగలగానే అది ఇద్దరైంది!! తర్వాత మావాళ్ళ మధ్యలో ఊదారంగు సుడిగుండం ఒకటి పెట్టింది, అందరి తుపాకులూ ఖాళీ. అక్కడే ఆపేసి వచ్చి రాస్తున్నా, ఇంకా నా టర్నే నడుస్తోంది. ఇప్పుడేం చెయ్యాలి?

నైజాం_నైట్
కోడెక్స్‌ని కలిసినవన్నమాట 😈

సింధు_టెంప్లర్
ఆ సుడిగుండంలో ఎవరున్నా ముందు బయటికి లాగండి, తర్వాతి టర్న్‌కి పేలుతుంది అది. బయటికొచ్చాక రీలోడ్. కాల్చటం ఈ టర్న్‌లో మర్చిపోండి. ఫ్లాష్‌బ్యాంగ్ ఉందా? రెండింటి మీదా పడేలా వెయ్యండి, మత్తులో ఉంటే ఇంక చీలదు, మాయమై ఇంకోచోట తేలదు.

గోదారి_గేమర్
ఉందండి, స్పెషలిస్ట్ జేబులో. కానీ స్పెషలిస్ట్ సుడిగుండం మధ్యలో ఉంది.

సీమ_స్నైపర్
విసరనీకి ఒక యాక్షన్ చాలు, అది టర్న్‌ని ముగించేస్తాది. కాబట్టి ముందు బ్లూ మూవ్‌తో బయటికి రా, బయట నిలబడి విసురు. ముందు విసిరినావంటే ఆడనే ఇరుక్కుంటాది.

గోదారి_గేమర్
వేశా. రెండూ దిమ్మెరపోయి ఉన్నాయి. ఇంకా గ్రెనేడియర్, రేంజర్ మిగిలారు. రేంజర్‌కి కత్తి దెబ్బ 95% చూపిస్తోంది 🙂

లెక్కల_మాస్టారు
గ్రెనేడ్ ముందు వెయ్యండి.